చంద్రశేఖరరావు తెచ్చిన కొమ్ముల డబ్బా

మార్కాపురంలో గుడి వీధి దాటి బస్టాండు వైపు నడిస్తే కుడిచేతి పక్కన చంద్రశేఖరరావు స్టీలు సామాన్ల కొట్టు. ఆయన పెత్తనం నడిచినన్నాళ్ళూ ఆ ఇంట్లోకి ఆయన చూడని వస్తువు రాలేదు. చీపురు కూడా. చీపురైతే నాలుగుసార్లు దులిపి, రాలిన పుల్లలు చూసి, అమ్మేవాడి ముఖం చూసి, మళ్ళీ చీపురు చూసి, అప్పుడు లోపలికి పంపేవాడు.

వస్తువు ఏదైనా ఆయన పరీక్ష ఒకటే. ముందు చేత్తో పట్టుకుని బరువు అంచనా కట్టేవాడు. తర్వాత బోర్లించి అడుగు చూసేవాడు. చివరికి కుడిచేతి ఉంగరంతో టంగుమని ఒక దెబ్బ కొట్టి, తల వంచి, మోత ఎంతసేపు నిలుస్తుందో వినేవాడు. బిందెలకూ గంగాళాలకూ పనికొచ్చే ఈ పరీక్షను ఆయన ఫ్రిజ్జుకు పెట్టాడు, కుట్టుమిషనుకు పెట్టాడు, ఒంగోలులో పరుపుల దుకాణానికి పోయి పరుపుకు కూడా పెట్టి, "ఏంది, మోతే లేదు" అని పెదవి విరిచి వచ్చాడు. కొడుకు ఫణికుమార్‌కు సంబంధం చూడడానికి దర్శి పోతున్న రోజున ఆయన భార్య మహాలక్ష్మి ఆ ఉంగరం ముందే తీయించి తన పర్సులో వేసుకుందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన తెచ్చినవన్నీ మంచివేనా అంటే, కాదు. ఆ ఇంటి మిక్సీ ఆన్ చేస్తే గట్టు మీద గోడ దాకా నడిచిపోయేది. దాన్ని ఒక చేత్తో అదిమిపట్టి, ఇంకో చేత్తో మూత పట్టుకుని ఏళ్ళ తరబడి పచ్చళ్ళు రుబ్బుకున్నారు గానీ ఎవరూ నోరెత్తలేదు. ఇంటికి ఏది తేవాలో తనకు తెలుసన్న ఒక్క నమ్మకం మీద ఆ మనిషి నిలబడి ఉన్నాడని అందరికీ తెలుసు.

ఒక్కసారి మాత్రం ఆ కట్టు తప్పింది. దర్శి నుంచి వచ్చిన ఆ కోడలు, నాగజ్యోతి, హైదరాబాదు కంపెనీకి ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేస్తుంది. ఆమె ఒకరోజు ఫోన్లో చూసి చపాతీలు ఒత్తే మిషను తెప్పించింది. చంద్రశేఖరరావు ఏమీ అనలేదు. ఆ మిషను ఇంట్లో ఉన్నన్ని రోజులూ చపాతీ ముట్టలేదు, అంతే. షుగరున్న మనిషి మూడు పూటలా అన్నమే తింటుంటే చూడలేక, నాగజ్యోతి ఆ మిషనును దర్శిలో పిన్నికి ఇచ్చేసింది. మర్నాడు ఆయన చపాతీలు అడిగి వేయించుకున్నాడు.

ఇక ఇంటర్నెట్ సంగతి.

ఆ ఇల్లు రైలుపెట్టెలాగా పొడుగు. వీధి వైపు కొట్టు, మధ్యలో సరుకు గది, దాని వెనక కాపురం. కొట్టు నుంచి ఇంట్లోకి పోవాలంటే సరుకు గదిలో బిందెల వరసల మధ్య సన్నటి సందు గుండా పక్కవాటుగా పోవాలి. కేబులు వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన చిన్న వైఫై డబ్బా కొట్లో గల్లాపెట్టె పక్కన ఉండేది. ఇంట్లోకి వచ్చేది ఏదైనా గల్లా ముందునుంచే రావాలని చంద్రశేఖరరావు నియమం, అది ఇంటర్నెట్టయినా సరే. ఒకప్పుడు అది బాగానే పనిచేసేది. ఇంట్లో ఫోన్లు పెరిగి, టీవీలు పెరిగి, కెమెరాలు వచ్చి, కోడలి ఉద్యోగం వచ్చి, అది సాయంత్రమయ్యేసరికి సొమ్మసిల్లి పడిపోయేది.

దాంతో ఇంటిల్లిపాదీ కొట్లోకి వచ్చేవారు. మహాలక్ష్మి బకెట్ల దొంతి మీద కూర్చుని సీరియల్ చూసేది. మనవరాలు తనూజ తక్కెడ పక్కన ట్యూషను వినేది. నాగజ్యోతి గల్లా బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మీటింగులకు కూర్చునేది. ఒకనాడు ఆమె హైదరాబాదులో మేనేజరుకు ఏదో లెక్క అప్పజెబుతుంటే, ఒక పెద్దావిడ బిందె తెచ్చి ల్యాప్‌టాప్ మీదే పెట్టింది.

"ఇది గట్టిదేనా అమ్మా?"

"గట్టిదే అక్కా, గేజు చూడు" అనేసింది నాగజ్యోతి, రేకు మందం చూపించడం అలవాటైన నోరు కదా. మైకు ఆపడం మరిచిపోయింది. మేనేజరు ఒక్క క్షణం ఆగి, "గేజ్ అంటే ఏంటి?" అని అడిగాడు.

ఆ సాయంత్రం ఆమె మామగారి ముందు నిలబడింది. "మామయ్యా, మంచి రౌటరు ఒకటి నేను చూసి తెప్పిస్తా. నాలుగు రోజులుగా చదువుతాండా వాటి గురించి."

"నేనుండగానా?" అన్నాడు చంద్రశేఖరరావు.

"మీరుండబట్టే కదా అడుగుతాండా."

అత్తగారు బకెట్ల దొంతి మీదనుంచే తీర్పు చెప్పింది. "ఇట్ల చేద్దాం. ఆయన్నే తెమ్మను. శ్రావణం దాటేదాకా వెనకింట్లో నెట్టు ఆగకుండా వస్తే సరే, ఆయన పెత్తనం ఆయనదే. రాలేదా, ఇంక మీద ఇంటికి ఏ సామాను కావాలన్నా జ్యోతే చూసుకుంటది. సూది అయినా సరే, సోఫా అయినా సరే."

"అట్లనే కానీ" అన్నాడు చంద్రశేఖరరావు. అన్నాడు గానీ, ఆ మాట నోరు దాటాక ఆయన్ను ఒక దిగులు పట్టుకుంది. వస్తువు చూసే పని పోతే ఆ ఇంట్లో తాను చేసేదేమిటి? కుర్చీలో కూర్చునే ఇంకో వస్తువైపోడూ?

మర్నాడు కరుణాకరం దుకాణానికి వెళ్ళాడు. కరుణాకరం కంప్యూటర్లూ కెమెరాలూ అమ్ముతాడు. చంద్రశేఖరరావును చూడగానే అద్దాల బల్ల మీద సామానంతా వెనక్కి జరిపాడు. పోయినసారి ఆ ఉంగరంతో ఒక కెమెరాకు గీత పడింది.

"రా అన్నా, కూచో. ఇంట్లో నెట్టు మీద ఎన్ని నడస్తాయి?"

"ఐదుగురం. చిన్నది తనూజతో కలిపి."

"మనుషులు కాదన్నా, సామాన్లు. ఫోన్లు, టీవీలు, అట్లాంటివి."

చంద్రశేఖరరావు వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "ఫోన్లు ఆరు. మీ వదినకు రెండు, ఒకటి సీరియళ్ళకు, ఒకటి సీరియళ్ళ గురించి మాట్లాడేదానికి. టీవీలు, కంప్యూటర్లు, కొట్లో కెమెరాలు, సరుకు గదిలో కెమెరాలు. తనూజకు బడిలో ప్రైజు వచ్చిన బల్బు ఒకటుంది. 'వెలుగు' అంటే వెలుగుతది, 'ఆరు' అంటే ఆరుతది. మా ఇంట్లో నా మాట వినేది అదొక్కటే. అదీ నెట్టు ఉంటేనే."

"అన్నీ కలిపితే ఇరవై దాటినట్టేనన్నా. నీ పాత డబ్బా ఏం జేస్తదంటే, ఒకరి తర్వాత ఒకరికి వడ్డిస్తది. చివరోడి దగ్గరికి పోయేసరికి మొదటోడు మళ్ళీ పిలుస్తాడు. ఈ కొత్త రకం పంక్తిలో అందరికీ ఒక్కసారే వడ్డిస్తది." ఒక నల్ల డబ్బా తీసి ముందు పెట్టాడు కరుణాకరం. "దీంట్లో రెండు దార్లుంటాయి. ఒకటి వేగంగా పోతది గానీ గోడ అడ్డమొస్తే డీలా పడతది. రెండోది నిదానం, కొంచెం దూరం పోతది."

"ఎక్స్‌ప్రెస్సూ, పల్లెవెలుగూ."

"అంతే అనుకో."

"పల్లెవెలుగు మా వంటింటి దాకా పోతదా?"

"అదే నేను చెప్పబోయేది. మీ ఇల్లు పొడుగు గదన్నా. జతగా వచ్చేవి ఉండాయి. ముందర ఒకటి, వెనక ఒకటి పెట్టుకుంటే..."

చంద్రశేఖరరావు ముఖం మారిపోయింది. "ఒక ఇంటికి రెండా?"

"ఆఁ, రెండోది వెనకింట్లో."

"రెండు పొయ్యిలు పెట్టమంటావా నన్ను? కొడుకూ కోడలూ నాతో కలిసి ఒక్క పొయ్యి మీద తింటాండారు కరుణాకరం. వాళ్ళకు వెనకాల వేరే కుంపటి నా చేత్తో నేను పెట్టియ్యాల్నా? వీధిలో ఏమనుకుంటారు?"

"వీధిలో ఎవురికి కనపడతదన్నా వైఫై?"

"ఫోనులో కనపడతది. రెండు పేర్లు కనపడితే రెండు కాపురాలని అర్థం. అట్లాంటి మాట నా దగ్గర ఎత్తొద్దు. ఒక్కటే ఇయ్యి. పెద్దది."

కరుణాకరం నిట్టూర్చి ఉన్నవాటిలోకెల్లా పెద్దది దించాడు. చుట్టూ ఎనిమిది కొమ్ములతో అది వెల్లకిలా పడ్డ సాలెపురుగులా ఉంది. చంద్రశేఖరరావు దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. బోర్లించాడు. ఉంగరంతో కొట్టాడు. టొక్కుమంది.

"మోత లేదు" అన్నాడు. మళ్ళీ తనే, "ప్లాస్టిక్కు కదా పాపం, దాని తప్పు కాదు" అన్నాడు. "ఎన్ని కొమ్ములుంటే అంత దూరం పోతదా?"

"అట్లనేం లేదన్నా..."

"లేనిదానికంటే ఉండేది మేలు గదా. కట్టియ్యి."

మంచి రోజు చూసి ఆ డబ్బాకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, గల్లా పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. కేబులు డానీ వచ్చి తీగ తగిలించాడు. నెట్టుకు ఏం పేరు పెడదామని తనూజ అడిగితే తాత తడుముకోలేదు. దాంతో ఆ వీధిలో ఎవరు ఫోను తెరిచినా "చంద్రశేఖర స్టీల్, ఫిక్సెడ్ రేట్" అని కనపడసాగింది.

"ఎవురూ తగిలించుకోవద్దు" అన్నాడు ఆయన చేయి అడ్డం పెట్టి. "ముందు బోణీ."

కొట్లో రోజూ మొదటి బేరం చేయి మంచిదాన్ని బట్టే ఆ రోజు గడుస్తుందని ఆ ఇంటి నమ్మకం. చేయి మంచిది ఎవరిదంటే మహాలక్ష్మిదే. ఆమె కళ్ళద్దాలు తెచ్చుకుని, పాస్‌వర్డులో ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కుతుంటే, తొమ్మిది గంటల మీటింగు ముంచుకొచ్చి నాగజ్యోతి కాళ్ళు మార్చి మార్చి నిలబడింది.

"అత్తయ్యా, ఆ గుర్తు కింద ఉంటది చూడండి."

"తొందరపెట్టకు. బోణీ" అన్నాడు చంద్రశేఖరరావు.

చివరికి సీరియల్ తాలూకు సంగీతం మోగింది. ఆ డబ్బా నిజంగానే మంచిది. వెనకింటి వంటగదిలో పలికింది, పెరట్లో పలికింది, స్నానాలగది దాకా పలికింది. చంద్రశేఖరరావు ఆషాఢమంతా గది గదికీ తిరిగి, "వస్తాందా?" అని అడుగుతూనే ఉన్నాడు. పెళ్ళిళ్ళు లేని నెల, కొట్లో ఈగలు తోలుకోవడం తప్ప పనిలేదు. "వస్తాంది మామయ్యా" అని చెప్పి చెప్పి నాగజ్యోతికి నోరు నొప్పి పుట్టింది. స్నానాలగది తలుపు కొడితే లోపల్నుంచి "వస్తాంది నాయనా, నేను రావాలంటే మాత్రం కాసేపాగు" అన్నాడు ఫణికుమార్.

శ్రావణం వస్తుందనగా సామాను లారీ వచ్చింది. అది ఏటా ఉన్నదే. మార్కాపురానికి ఇటు కొమరోలు నుంచి, అటు యర్రగొండపాలెం నుంచి పెళ్ళి సామానుకు జనం దిగుతారు. సరుకు గది నేల నుంచి దూలాల దాకా నిండింది. బిందె మీద బిందె, గంగాళంలో గంగాళం, బకెట్ల గోపురాలు, పళ్ళాల కట్టలు. సందు ఇంకా సన్నబడి, ఫణికుమార్ పొట్ట లోపలికి పీల్చుకుని ఇంట్లోకి పోతున్నాడు.

మర్నాడు వెనకింట్లో నెట్టు పోయింది.

చంద్రశేఖరరావు నమ్మలేదు. డబ్బా దగ్గరికొచ్చి చూస్తే దీపాలన్నీ కులాసాగా మిణుకుతున్నాయి. కొట్లో ఫోను పలుకుతోంది. వెనక్కి పోతే మూగ. డానీని పిలిపించారు. "మా లైను బ్రహ్మాండంగా ఉంది పెదనాయనా. ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి" అని ఆపి, మళ్ళీ వేసి, టీ తాగి పోయాడు.

ఫోన్లూ టీవీలూ ఎక్కువై డబ్బా అలిసిపోయిందని చంద్రశేఖరరావు తేల్చాడు. ముందు బల్బును తప్పించాడు. తన మాట వినే ఒక్కదాన్నీ తన చేత్తోనే ఆపాడు. తర్వాత ఇంట్లో ఒకరు నెట్టు వాడుతుంటే ఇంకొకరు వాడకూడదన్నాడు. పడుకున్న ఫోన్లు కూడా నెట్టు తింటాయని ఎవరో చెబితే, మధ్యాహ్నం పూట అందరి ఫోన్లూ ఆపించి, పళ్ళెంలో పెట్టించి తనే కాపలా కూర్చున్నాడు. అయినా వెనకింట్లో చుక్క పడలేదు. నాగజ్యోతి ఒక్క మాట అనకుండా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మళ్ళీ గల్లా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏదైనా అని ఉంటే ఆయనకు కొంత బాగుండేది.

"శ్రావణం ఇంకా ఉందిలే" అంది మహాలక్ష్మి, బకెట్ల మీద సర్దుకుంటూ.

ఆ వారంలోనే యర్రగొండపాలెం అవతల అడవి అంచు పల్లె నుంచి గురమ్మ అనే ఆమె, తన తమ్ముడు కాశన్నను వెంటబెట్టుకుని, కూతురు గౌరి పెళ్ళికి సామాను కొనడానికి వచ్చింది. గురమ్మ బేరమాడితే దారిన పోయేవాళ్ళు కొట్టు ముందు ఆగి వినాలి.

"ఫిక్సెడ్ రేటమ్మా, బోర్డు చూడు" అన్నాడు చంద్రశేఖరరావు.

"బోర్డు నువ్వు రాసుకున్నావు శెట్టీ. నన్నడిగి రాసినావా?"

చివరికి ఆమె సరుకు గది తలుపుకు ఆనుకున్న పెద్ద బిందెల వరసా, దాని పక్కన గంగాళాలూ, బకెట్ల గోపురం ఒకటీ ఖాయం చేసింది. కాశన్న ఒక్కొక్కటే మోసుకెళ్ళి బయట ఆటోలో వేస్తున్నాడు. ఆ వరస పూర్తిగా ఖాళీ అయిందో లేదో, లోపల్నుంచి గొల్లుమని ఆడవాళ్ళ ఏడుపు వినపడింది.

గురమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "శెట్టీ, ఇంట్లో ఎవురికో ఏమో అయినట్టుంది!"

"ఏం కాలేదమ్మా. సీరియల్. మా ఆమె ఫోను వంటింట్లో పెట్టి..."

చంద్రశేఖరరావు మాట మధ్యలో ఆగిపోయింది. సీరియల్! వంటింట్లో! ఆయన తలుపు వైపు చూశాడు. ఖాళీ అయిన వరస వైపు చూశాడు. గబగబా బయటికి పోయి, ఆటోలోంచి రెండు బిందెలు దించి, తెచ్చి తలుపు దగ్గర పెట్టాడు. ఇంకో రెండు పెట్టాడు. గంగాళం పెట్టాడు. ఏడుపు ముక్కలు ముక్కలై ఆగిపోయింది. గంగాళం తీశాడు. బిందెలు తీశాడు. ఏడుపు మళ్ళీ అందుకుంది. మళ్ళీ పెట్టాడు.

"అమ్ముతాండావా, దాచుకుంటాండావా?" అంది గురమ్మ.

"ఆగమ్మా, ఒక్క నిమిషం."

"కాశన్నా, లెక్క చూసుకోరా. ఈ మనిషి మన సామాను మన ముందరే దొంగతనం చేస్తాండాడు."

వాళ్ళు పోయినాక చంద్రశేఖరరావు గల్లా దగ్గర కూర్చుని లెక్క వేసుకున్నాడు. డబ్బా మంచిదే. తన చూపు తప్పు కాలేదు. నెట్టును మింగింది స్టీలు, అందులోనూ తన స్టీలే. మాట బయటికి చెబితే డబ్బా నెగ్గుతుంది. కానీ ఆ సామాను నడింట్లో నింపించింది ఎవరు? అందుకని ముందు చెప్పకుండా ఏదో ఒకటి చేసి చూద్దామనుకున్నాడు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో వింతలు మొదలయ్యాయి. మంచాల కింద గంగాళాలు వచ్చాయి. దేవుడి గదిలో బకెట్లు వచ్చాయి. "మంచిది, దేవుడి దగ్గర కొత్త పాత్ర ఉండాల" అన్నాడు అడిగితే. స్నానాలగదిలో నాలుగు బిందెలు ఒకదాని మీద ఒకటి నిలబడి, ఫణికుమార్‌కు స్నానం చేస్తున్నంతసేపూ ఎవరో చూస్తున్నట్టు ఉండేది. మహాలక్ష్మి పరుపు కింద పళ్ళాల కట్టలు పరిచాడు. "నడుం నొప్పికి గట్టి పడక మంచిదంట" అని ఆమెను నమ్మించాడు కూడా. ఆమె పక్కకు ఒత్తిగిల్లినప్పుడల్లా పంక్తి లేచినట్టు చప్పుడయ్యేది.

సరుకు గదిలో పలచబడిన కొద్దీ నెట్టు కొంచెం కొంచెం వెనక్కి పాకింది. వచ్చిందన్న ధైర్యంతో నాగజ్యోతి గదిలో తలుపేసుకుని మీటింగుకు కూర్చుంది. మధ్యలో ఏదో ఫైలు కోసం వెనక ఉన్న గోడ బీరువా తెరిచింది. లోపలున్న గరిటెలూ, చెంచాలూ, జల్లిగరిటెలూ, టిఫిను క్యారియర్లూ ఒక్కసారిగా ఆమె మీదికి వచ్చిపడ్డాయి. హైదరాబాదులో మేనేజరు కుర్చీలోంచి లేచి, "భూకంపమా?" అని అరిచాడు.

నాగజ్యోతి ఒక జల్లిగరిటె చేత్తో పట్టుకుని కొట్లోకి వచ్చింది. "మామయ్యా, ఇది ఏంది?"

"జల్లిగరిటె."

"జల్లిగరిటె అని నాకూ తెలుసు. నా బీరువాలో ఏం చేస్తాంది?"

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర చంద్రశేఖరరావు తల వంచుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "డబ్బా మంచిదే. అడ్డం పడేది మన సామాను. వరస తీస్తే వస్తాంది, పెడితే పోతాంది. గురమ్మ బిందెలతో పరీక్ష చేసి చూసినా."

ఫణికుమార్ ముద్ద చేతిలో పట్టుకుని, "మరి సామాను యాడ పెట్టాలో చెప్పేది ఎవరు నాయనా?" అన్నాడు.

"నేనే."

"డబ్బా గల్లా దగ్గరే ఉండాలన్నది?"

"నేనే."

"కరుణాకరం రెండోది పెట్టుకోమంటే వద్దన్నది?"

"అదీ నేనే. నీకెవరు చెప్పినారు?"

"కరుణాకరం వీధంతా చెప్పినాడు. రెండు కాపురాల సంగతితో సహా."

మహాలక్ష్మి మజ్జిగ పోస్తూ, "మీ డబ్బా మీ గిన్నెల చేతిలో ఓడిపోయింది. నెగ్గిందీ మీరే, ఓడిందీ మీరే. నేనేం తీర్పు చెప్పాల?" అంది. తనూజ కిసుక్కుమంది. ఆయన నవ్వలేదు. మజ్జిగన్నం కలుపుతూ కలుపుతూ, ఇంక తినకుండా అలాగే కూర్చున్నాడు.

నాగజ్యోతి ఆయన్ను చూసింది. "మామయ్యా, రెండోది పెడితే అది రెండో పొయ్యి కాదు" అంది. "పొయ్యి ముందరే ఉంటది, మీ గల్లా పక్కన. మీరు తెచ్చిందే. వెనక పెట్టేది గరిటె. వంట ఒకచోటే, వడ్డన రెండు చోట్ల. పేరు కూడా ఒకటే కనపడతది, ఫిక్సెడ్ రేట్ తో సహా."

"గరిటెనా?"

"గరిటే."

జన్మంతా గరిటెలు అమ్మినవాడు. ఒక ఇంట్లో ఎన్ని గరిటెలున్నా కాపురం విడిపోదని ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? "గరిటె అయితే ఫరవాలేదు" అన్నాడు. ఇక మిగిలింది ఒకటే మాట, ఆ గరిటెను ఎవరు చూసి తేవాలన్నది. అందరూ కంచాల్లోకి చూసుకున్నారు.

"జ్యోతి చూస్తది" అన్నాడు ఆయనే. "శ్రావణం దాటకముందే నెట్టు ఆగింది గదా. మాటంటే మాటే." కంచంలో మిగిలింది తిని లేచాడు.

సాయంత్రం మామాకోడళ్ళు కరుణాకరం దుకాణానికి వెళ్ళారు. కరుణాకరం అలవాటు కొద్దీ డబ్బా తీసి చంద్రశేఖరరావు చేతికి ఇవ్వబోయాడు.

"నాకెందుకు? ఆమెకియ్యి."

ఆయన స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. నాగజ్యోతి ఫోన్లో చదువుకుంటూ, కరుణాకరాన్ని ప్రశ్నలు వేస్తూ, ఇంట్లో ఉన్నదానితో కలిసేది ఏదో, కలవనిది ఏదో తేల్చుకుంటోంది. చివరికి ఆమె చూసుకున్నది తెల్లగా, నున్నగా, ఒక్క కొమ్ము కూడా లేకుండా బోర్లించిన గిన్నెలా ఉంది. చంద్రశేఖరరావు దవడ కదిలింది. అడుగు చూడమని అనబోయాడు, ఆపుకున్నాడు. బరువెంతని అడగబోయాడు, ఆపుకున్నాడు.

"ఇదే మామయ్యా."

"సరే. నువ్వు చూసినావు, బాగుంది" అన్నాడు. లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. "చూసేపని నీదైపోయింది గదా. బేరం మాత్రం నాది."

నాగజ్యోతి నవ్వి పక్కకు జరిగింది. కరుణాకరానికి దడ మొదలైంది.

"రేటు తగ్గదన్నా. నీ కొట్లో మాదిరే, ఫిక్సెడ్."

"రేటు నేనడిగినానా? కొసరేంది?"

"కంప్యూటర్ సామానుకు కొసరేందన్నా!"

"నా దగ్గర గంగాళం కొంటే గరిటె ఇస్తా. నువ్వు గరిటె అమ్ముతాండావు, దానికేమిస్తావు?"

"నేను గరిటె అమ్మడమేంది?"

ఇది ఎంతసేపు నడిచిందంటే, నాగజ్యోతి సిగ్గుతో వాకిట్లోకి పోయి నిలబడి, రోడ్డు మీద పోయే బస్సుల బోర్డులన్నీ చదివింది. గిద్దలూరు బస్సు పోయింది, ఇంకో గిద్దలూరు బస్సు వచ్చింది. అప్పుడు చంద్రశేఖరరావు మూలన పడి ఉన్న వైరు చుట్ట ఒకటి చూపించాడు. ఎవరి ఇంట్లోనో కెమెరాలు పెట్టగా మిగిలింది.

"అదియ్యి."

"దాంతో నువ్వేం చేస్తావన్నా?"

"కొసరుతో ఏం చేస్తామని ఎవురన్నా అడుగుతారా? ఇయ్యి."

కరుణాకరం దండం పెట్టి ఇచ్చాడు. ఆయన ఆ చుట్టను భుజానికి తగిలించుకుని, కోడలి వెనక బజారులో నడిచాడు.

ఇంటికి వచ్చి తెల్ల గిన్నెను వెనకింట్లో పెట్టారు. దీపం ఎర్రగా వెలిగి అట్లాగే ఉండిపోయింది. నాగజ్యోతి ఇటు మార్చింది, అటు మార్చింది. ముందరి డబ్బా మాట ఈ గిన్నెకు వినపడటం లేదు. మంచాల కిందిదీ బీరువాలోదీ సరుకు గదికి తిరిగి చేరింది, మధ్యలో మళ్ళీ అదే స్టీలు. ఆమె ముఖం వాడిపోయింది. నాలుగు రోజులు చదివి, మామగారు సరేనన్నాక మొదటిసారి తాను చూసి తెచ్చిన వస్తువు.

చంద్రశేఖరరావుకు ఆ ముఖం బాగా తెలుసు. ఆషాఢం పోయినప్పటి నుంచీ అద్దంలో చూస్తున్నదే.

"డబ్బా మంచిదే అమ్మా" అన్నాడు. "అడుగు గట్టిది, నువ్వు పెట్టేటప్పుడు చూసినా. మన గిన్నెలే అడ్డం."

నాగజ్యోతి తల ఎత్తింది. ఆయన భుజం మీదికి చూసింది. "మామయ్యా, ఆ వైరు ఎంత పొడుగుంది?"

బిందెల గోపురాల పైనుంచి, దూలాలకు మేకులు కొట్టుకుంటూ, ముందరి డబ్బా నుంచి వెనక గిన్నె దాకా ఫణికుమార్ ఆ వైరు లాగాడు. డానీ వచ్చి రెండు కొసలకూ తల బిగించి ఇచ్చాడు. తగిలించగానే దీపం రంగు మారింది. వంటింట్లో నాలుగు ఎపిసోడ్ల ఏడుపు ఒక్కసారి పొంగి వచ్చింది. బల్బు వెలిగింది.

"కొసరు లేకుంటే నా డబ్బా కూడా మూగదే మామయ్యా" అంది నాగజ్యోతి.

"అడిగినా, ఇచ్చినాడు" అన్నాడు ఆయన, అదేమంత గొప్ప కానట్టు. అని నేరుగా కొట్లోకి పోయి, బిందె కోసం వచ్చిన కొమరోలు మనిషిని కూర్చోబెట్టి మొత్తం కథ చెప్పాడు.

తర్వాత ఆ ఇంటికి వచ్చిన వస్తువులన్నీ నాగజ్యోతి చూసినవే. ఆయన వెంట పోయేవాడు, మాట్లాడకుండా కూర్చునేవాడు, ఆమె చూడడం అయిపోగానే లేచేవాడు. వాషింగ్ మిషనుతో మగ్గు తెచ్చాడు. కొత్త మిక్సీతో టార్చిలైటు తెచ్చాడు. ఒక దుకాణంలో ఇంకేమీ లేదంటే క్యాలెండరు మేకు పీకించుకుని వచ్చాడు. ఆయన వస్తున్నాడంటే దుకాణాల వాళ్ళు మంచి కొసరు సామాన్లు బల్ల కింద దాచేవారు.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఈ శ్రావణానికి ఫణికుమార్ సరుకు గది సర్దించి, రంగు వేయించాడు. ఆ వైరు అవసరానికంటే చాలా పొడుగు. మిగిలింది పెద్ద చుట్టగా తలుపు మీద మేకుకు వేలాడుతుంటుంది, లోపలికి పోయేవాళ్ళ తలకు తగులుతుంది. రంగులు వేసేవాళ్ళు కత్తెర తెచ్చి, ఎక్కువైంది కత్తిరించేద్దామా అని అడిగారు.

"వద్దులే అన్నా" అంది నాగజ్యోతి. "దాని చుట్టూ రంగు వేసి పోండి."